ఆళ్ళగడ్డ నర్సమ్మ బండి

1956. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నంద్యాలలో స్టేషన్‌కు పోయే దారిలో నాదొక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు, పేరూ లేదు. మోటార్ సైకిల్ పాడైతే హుసేను దగ్గరికి పోవాలని అందరికీ తెలుసు కాబట్టి బోర్డు అక్కర్లేదనుకునేవాణ్ణి. అప్పట్లో చుట్టుపక్కల ఉన్న మోటార్ సైకిళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాణ్యంలో రెండు, గోస్పాడులో ఒకటి, నంద్యాల ఊళ్ళో ఏడో ఎనిమిదో. అన్నీ నా చేతుల మీదుగా పోయేవే. అందుకని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఇది ఆ పొగరు దిగిన కథ.

మాది దూదేకే ఇల్లు. మా నాయన పీరన్న ముప్పై ఏళ్ళు భుజాన విల్లు మోసుకుని వీధి వీధీ తిరిగి పరుపులకూ దిండ్లకూ దూది ఏకినవాడు. నేను కూడా పద్దెనిమిదేళ్ళ దాకా ఆయన పక్కన కూర్చుని ఏకాను. నాకు ఆ దుమ్ము పడలేదు, దగ్గు వచ్చేది. ఒకరోజు విల్లు గోడకు తగిలించేసి లారీల షెడ్డులో చేరిపోయాను. నాయన ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక అమ్మ పంపిన సద్ది గిన్నె పట్టుకుని రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు, కానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. బయట బండ మీద కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "పెట్రోలు వాసన నాకు పడదు లేరా" అనేవాడు. నేను దుమ్ము పడదన్న మాటకు అది బదులని నాకు తెలుసు.

ఇక బండి సంగతి. దాని యజమాని దేవదానం అయివారు. ఆళ్ళగడ్డ బడిలో పంతులు, చాలా నెమ్మదైన మనిషి. భార్య కరుణమ్మ అక్కడే ప్రసూతి కేంద్రంలో నర్సు. చుట్టూ పల్లెల్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆమెకే కబురు. ఎద్దుల బండ్ల మీద పోతే కాలం మించిపోతోందని ఇద్దరూ కలిసి పాత చిన్న మోటార్ సైకిల్ ఒకటి కొన్నారు. అయివారు నడపడం, నర్సమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని వెనక కూర్చోవడం. పల్లెల్లో ఆ చప్పుడు వినపడితే నర్సమ్మ వస్తోందని పిల్లలు ఎదురు పరిగెత్తేవాళ్ళట.

ఆ బండి నెల తిరక్కుండానే మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. మూడుసార్లూ ఒకటే జబ్బు. బాగా పోతూ పోతూ దగ్గుతుంది, గుటకలు వేస్తుంది, ఆగిపోతుంది. కాసేపు ఆగి తంతే లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇది కార్బురేటర్ జబ్బని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్తాను. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేది కార్బురేటర్. దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది, దాన్ని ఫ్లోట్ చాంబర్ అంటారు. ట్యాంకులోంచి దిగిన పెట్రోలు అందులో నిలుస్తుంది. ఆ పెట్రోలు పైకి పోయే దారి జెట్. చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క అది, నడుమ సన్నటి రంధ్రం. ఎంత సన్నమంటే వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే గానీ కనపడదు. అందులో నలక పడిందా, ఇంజన్‌కు తిండి అందదు.

ఆ రంధ్రంలో ఇనప తీగ పెట్టకూడదు. పెడితే రంధ్రం పెద్దదవుతుంది, బండి పెట్రోలు తాగుతుంది, పొగ కక్కుతుంది. నాకు పని నేర్పిన ఉస్తాదు జట్కా గుర్రం తోక వెంట్రుకతో జెట్ శుభ్రం చేసేవాడు. నేనూ అంతే. నేను స్టేషన్ ముందుకు పోతే చాలు, జట్కావాళ్ళు అరిచేవాళ్ళు: "వచ్చెరా హుసేనుగాడు, గుర్రాన్ని అటు తిప్పండి. వీని మోటార్లకు మా గుర్రాలు బోడివైపోతాండాయి!"

మొదటిసారి బండి వచ్చినప్పుడు అంతా పద్ధతిగానే విప్పాను. ట్యాంకు కింద పెట్రోలు ట్యాపు ఉంటుంది, దాని మెడలో చిన్న ఇత్తడి జల్లెడ ఉంటుంది. తీసి చూస్తే అది మురికితో పూడుకుపోయి ఉంది, ఒక పక్క చిరిగి కూడా ఉంది. తీసి పారేశాను. కొత్తది కావాలంటే మద్రాసు నుంచి రావాలి. అడ్డం లేకపోతే పెట్రోలు ధారగా దిగుతుంది, ఇంకా మంచిదే కదా అని మా షెడ్లలో అందరం అనుకునేవాళ్ళం. ఆ సంగతి అయివారికి చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయంగా నాకు తోచలేదు.

జెట్‌లో తెల్లటి జిగురులాంటిది ఏదో ఇరుక్కుని ఉంది. వెంట్రుకతో లాగేసి, గాలి ఊది, బిగించి ఇచ్చాను. బండి గుర్రంలా పోయింది. పది రోజులకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే జిగురు. ఇంకో వారానికి మళ్ళీ వచ్చింది. "ఆళ్ళగడ్డ పెట్రోలే మంచిది కాదు అయివారూ, డ్రమ్ముల్లో పెట్టి అమ్ముతారు" అని చెప్పి పంపేశాను. పని తెలిసినవాడి మాట కదా, ఆయన తల ఊపి పోయాడు.

నాలుగోసారి బండి బస్సు టాపు మీద వచ్చింది. బస్సులోంచి అయివారు ఒక్కడే కాదు, నర్సమ్మ కూడా దిగింది. నేను ఆమెను చూడడం అదే మొదలు. పొట్టి మనిషి, తెల్లచీర, మోచేతుల దాకా కడిగి కడిగి పాలిపోయిన చేతులు. వచ్చీ రాగానే కూర్చోమనే దాకా కూడా ఆగకుండా మొదలుపెట్టింది.

"ఏమప్పా హుసేనూ, మూడు తూర్లు కడిగితివి. మూడు తూర్లూ ఆగిపాయ. నీకు చేతనైతాదా, కాదా? ఒక్క మాట చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. "పెట్రోలు మంచిది కాదమ్మా" అన్నాను.

"పెట్రోలు కథ నాకొద్దు. నా కథ విను." అని ఆమె చెప్పింది.

ఆళ్ళగడ్డకు ఐదు మైళ్ళ దూరంలో నల్లరేగడి మధ్య ఒక పల్లె. అక్కడ లక్ష్మీదేవి అనే ఇరవై రెండేళ్ళ పిల్లకు మూడో కాన్పు. మొదటి బిడ్డ ఇంట్లోనే పోయింది. రెండోసారి నొప్పులు ముదిరాక ఎద్దుల బండిలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే కాన్పయి, ఆ బిడ్డా పోయింది. తల్లి కూడా పోవాల్సిందే, ఎట్లాగో బతికింది. అప్పట్నుంచి ఆ పిల్ల అత్తగారు, 'నా కోడలు గడప దాటడానికి లేదు, ఏమైనా ఇంట్లోనే కావాల' అని పట్టు పట్టింది. నర్సమ్మ నెలనెలా పోయి పోయి, ఆమె కాళ్ళూ గడ్డమూ పట్టుకుని, నొప్పులు మొదలవగానే కబురు చేస్తే వచ్చి పురుడు పోస్తానని ఒప్పించింది. పదిహేను రోజుల కిందట అక్కడికే పోతుంటే వాగు దగ్గర బండి ఆగిపోయింది. ఎండలో రెండు మైళ్ళు నడిచి పోయేసరికి అత్తగారు వాకిట్లో నిలబడి ఉంది.

"ఆయమ్మ ఏమనిందో తెల్సా? 'నీ మోటరును నమ్ముకోని కూచుంటే నా కోడలు బతకదు నర్సమ్మా, మాకు పురుడు పోసే మంగలామె చాలు' అనింది. ఇంగ పది దినాల్లో నొప్పులొస్తాయి. నేను టైముకు పోతే ఆ పిల్లకు భయం లేదు. పోకపోతే..." ఆమె అక్కడ ఆగింది. "అందుకే అడుగుతాండా. ఈ బండిని నమ్మచ్చునా లేదా? లేదంటే ఇప్పుడే చెప్పు, ఇంగేదన్నా చూసుకుంటాం."

పానాలు తీసి పనిలో పడ్డాను.

కార్బురేటర్ విప్పి జెట్ బయటికి తీశాను. ఈసారి కూడా అదే తెల్ల జిగురు. గుర్రపు వెంట్రుకతో లాగి గోరు మీద పెట్టుకుని చూస్తున్నాను. అప్పటికే మధ్యాహ్నమైంది. నాయన సద్ది గిన్నె పట్టుకుని వచ్చి బయట బండ మీద కూర్చున్నాడు.

"ఏందిరా అది?" అన్నాడు.

"పెట్రోలులో వచ్చే జిగురు నాయనా."

"ఇట్లియ్యి."

ఇచ్చాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. "దీన్ని శుభ్రంగా కడిగి తే" అన్నాడు. గిన్నెలో ఉన్న కొత్త పెట్రోలులో ఆడించి ఇచ్చాను. బండ మీద ఎండలో పెట్టి, ఆరాక నోటితో ఊది, రెండు గోళ్ళతో మెల్లగా విడదీశాడు. పెసర గింజంత ముద్ద ఆయన వేళ్ళలో విచ్చుకుని సన్నటి పోగులైంది.

"జిగురు గాదు రా. ఇది దూది."

నాకు నవ్వొచ్చింది. "ఇంజన్‌లో దూదేంది నాయనా? నీకు అన్నీ దూది మాదిరే కనపడతాయి."

"ముప్పై ఏండ్లు ఏకినోణ్ని, దూది తెలీదా నాకు?" అన్నాడు. కోపం లేదు, కానీ గొంతు గట్టిగా ఉంది. "అదీ మన దిక్కు దూది గాదు. మనది ఇంత తెల్లగా ఉండదు, గింజ నుసి ఎంతో కొంత ఉంటాది. దీన్ని ఉడకబెట్టి తెల్లగ జేసినారు. నా కంటికి ఆపరేషన్ అయినప్పుడు కట్టినారే, అట్లాంటిది. ఇది ఆస్పత్రి దూది."

నేను నర్సమ్మ వైపు చూశాను. నర్సమ్మ మొగుడి వైపు చూసింది. అయివారు నేల వైపు చూశాడు.

"నేనే" అంది నర్సమ్మ.

విషయం ఇదీ. ఆళ్ళగడ్డలో పెట్రోలు డబ్బాలో పోయించుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. డ్రమ్ము తుప్పుతో అది ఎర్రగా ఉండేది. నర్సమ్మ ఇంట్లో ఉడకబెట్టనిదీ వడగట్టనిదీ ఏదీ లోపలికి రాదు. మురికిని చూసి ఆమె ఊరుకుంటుందా? గరాటులో ఆస్పత్రి దూది మందంగా పరిచి, పైన గుడ్డ వేసి, పసిబిడ్డ కళ్ళు కడిగే నీళ్ళు వడగట్టినంత శ్రద్ధగా పెట్రోలు వడగట్టేది. తుప్పు అంతా దూదిలో ఆగిపోయి, పెట్రోలు తేటగా దిగేది. ఆ దిగేదాంట్లో దూది పోగులు కూడా దిగుతున్నాయని ఎవరికి తెలుసు? బండి ఆగిన ప్రతిసారీ పెట్రోలు ఇంకా మురికిగా ఉందనుకుని దూది ఇంకా మందంగా వేసింది.

"ఇంత శుభ్రం యాడా లేదనుకుంటి" అంది. ఆ పాలిపోయిన చేతులను ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. "ఆ పొద్దు వాగు కాడ ఆపింది నేనే అన్నమాట."

అయివారు మెల్లగా అన్నాడు, "నేనన్నా హుసేనుకు చెప్పుంటే సరిపోయేది. నన్నెవరూ అడగలే, నేను చెప్పలే."

నిజం చెప్తాను, ఆ క్షణంలో నా ప్రాణం కుదుటపడింది. తప్పు నాది కాదు, దూది వేసింది ఆమె. జెట్ కడిగి, ఇంక దూది వెయ్యొద్దమ్మా అని నాలుగు బుద్ధులు చెప్పి పంపితే నా పేరు నిలిచిపోతుంది. అట్లాగే చేయబోతున్నాను కూడా. ఇంతలో నాయన మళ్ళీ నోరు విప్పాడు.

"అది సరే గానీ, ట్యాంకులో పడిన దూది ఈడి దాకా ఎట్లొచ్చె? నడమ జల్లెడేమీ ఉండదా?"

మోటారు గురించి మా నాయన అడిగిన మొదటి ప్రశ్న అది. తెలిసి అడిగాడా, తెలియక అడిగాడా అనేది ఇప్పటికీ నాకు తెలియదు. లేదని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. ఎవరూ విప్పి చూడరు. కానీ ఆ నర్సమ్మ ముందు, తప్పు తనదేనని తల వంచుకుని కూర్చున్న మనిషి ముందు, ఆ మాట నోటికి రాలేదు.

"ఉండాది" అన్నాను. "ఉండె. మొదటి తూరే నేను తీసి పారేస్తి. అది ఉంటే ఈ దూది ట్యాపు కాడే ఆగిపోయేది. ట్యాపు విప్పితే తెల్సిపోయేది."

నాలుగు మాటలు పడతాయని తయారుగా ఉన్నాను. నర్సమ్మ ఉన్నట్టుండి నవ్వేసింది.

"వడగట్టకూడని దాంతో నేను వడగడితి. వడగట్టేదాన్ని నువ్వు పారేస్తివి. ఇద్దరం కలిసి మేలే చేసినాం బండికి! ఇంగ ముచ్చట్లొద్దు, తొందరగా పని కానీ."

ఆ పూట చేసినంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదు. ట్యాంకు దించి నాలుగుసార్లు పెట్రోలుతో కడిగాను. మొదటి రెండుసార్లూ అడుగు నుంచి దూది తునకలు వచ్చాయి. మూడోసారి ఒకటే పోగు. నాలుగోసారి ఏమీ లేదు, అయినా నాయనకు చూపించాను. ఆయన గిన్నెను ఎండకు వంచి చూసి "లేదు" అన్నాక గానీ ట్యాంకు బిగించలేదు. జల్లెడ మద్రాసు నుంచి తెప్పించే టైము లేదు. సన్నటి ఇత్తడి వల ముక్క కత్తిరించి, గొట్టంలా చుట్టి, టంకం పెట్టి ట్యాపు మెడలో కూర్చాను. లారీలవాళ్ళు పెట్రోలు వడగట్టడానికి వాడే మెత్తటి తోలు నా దగ్గర ఉంటే అది నర్సమ్మకు ఇచ్చాను. తోలుకు పోగులు రాలవు, నీళ్ళను కూడా ఆపుతుంది. ఆమె దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఉడకబెట్టచ్చునా?" అని అడిగింది.

"వద్దమ్మా, నీకు దండం పెడతా" అన్నాను.

బండిని ఆళ్ళగడ్డ దారిలో శిరివెళ్ళ దాకా నేనే నడిపాను. వాళ్ళిద్దరూ బస్సులో వెనక వచ్చారు. ఎక్కడా దగ్గలేదు. శిరివెళ్ళలో బండి అప్పగిస్తే నర్సమ్మ మొదట అడిగిన మాటే మళ్ళీ అడిగింది.

"నమ్మచ్చునా?"

"నమ్మచ్చమ్మా" అన్నాను. అనేశాను గానీ తిరుగు బస్సులో నంద్యాల వచ్చేదాకా నా గుండె నా మాట వినలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నాకు పని మీద మనసు లేదు. ఆళ్ళగడ్డ బస్సు వస్తే చాలు, పానా కింద పెట్టి కండక్టరు దగ్గరికి పోయేవాణ్ణి. విచిత్రమేమంటే నాయన కూడా సద్ది గిన్నె దించీ దించకముందే, "ఆళ్ళగడ్డ బస్సు వచ్చెనా?" అని అడిగేవాడు. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరకడం చాలా రోజుల తర్వాత అదే. అన్నం తినేంతసేపూ బండ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఎప్పుడూ చూడని ఒక పిల్ల గురించి దిగులు పడేవాళ్ళం.

పదో రోజు మధ్యాహ్నం బస్సు రాలేదు, బండే వచ్చింది. దూరం నుంచే చప్పుడు గుర్తుపట్టాను. అయివారు ఒక్కడే దిగాడు, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. ముందు రోజు పొద్దున బడి గంట కొట్టేవేళ పల్లె నుంచి మనిషి సైకిల్ మీద వచ్చాడట. బడిని పక్క తరగతి అయివారికి అప్పజెప్పి ఈయన బండి తీశాడు.

"ఒక్క తన్నుకే లేచె హుసేనూ! వాగు కాడ నేను బండిని నెమ్మది చేస్తి. నడుపు, ఆపొద్దు అని వెనకనుంచి కరుణమ్మ ఒకటే అరుపు. ఆపలే. ఊరి ముందరికి పోయేసరికి ఆ అత్త మంగలామె కోసం ఎద్దుల బండి కడ్తాండాదంట. మోటరు చప్పుడు ఇనపడి, కాడి దించేసిందంట."

"పిల్ల ఎట్లుండాది?" నాయన అడిగాడు.

"ఇద్దరు పిల్లలూ బాగుండారు పీరన్నా. తల్లీ, ఆ తల్లికి పుట్టిన ఆడపిల్లా. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందంట, కరుణమ్మ సరిజేసింది. ఇంకో గంట ఆలస్యమైంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదనింది."

నేను షెడ్డులోకి పోయి, పని ఉన్నట్టు పానాల డబ్బాలో కాసేపు వెతికాను. కళ్ళు తుడుచుకోవడానికి దొరికింది నూనె గుడ్డ. మొహమంతా నల్లగా చేసుకుని బయటికి వచ్చేసరికి నాయన బండ మీద లేడు.

ఆ తర్వాత నేను నలభై ఏళ్ళు ఆ పని చేశాను. ఎవరు బండి తెచ్చినా పానా పట్టేముందు అడిగేవాణ్ణి: పెట్రోలు ఇంట్లో ఎవరు పోస్తారు, దేంతో పోస్తారు, మొన్న ఎవరు విప్పారు, విప్పి ఏం తీసేశారు? పెళ్ళి సంబంధం మాదిరి ఇన్ని ప్రశ్నలేందప్పా అని నవ్వేవాళ్ళు. నవ్వనీ. మురికిని మూడుసార్లు తీసినవాణ్ణి, అది ఎక్కడిదో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆ నర్సమ్మ ఎండలో రెండు మైళ్ళు నడిచేది కాదు. నా చేత్తో తీసి పారేసిన ముక్కను కూడా అప్పట్నుంచి బండి యజమాని చేతిలో పెట్టి మరీ చెప్పేవాణ్ణి.

నాయన ఎక్కడికి పోయాడో వారం తర్వాత తెలిసింది. ఇంటికి పోయి గోడకు తగిలించి ఉన్న విల్లు దించాడు. కంటి ఆపరేషన్ అయ్యాక దాన్ని ముట్టుకోవడమే మానేసినవాడు, మూడు పూటలు కూర్చుని మంచి పత్తి ఏకాడు. అమ్మ చేత పాత చీరలో కుట్టించి మూరెడు పరుపు, జానెడు దిండు తయారు చేశాడు. మరుసటి ఆదివారం అయివారు వచ్చినప్పుడు ఆ మూట చంకలో పెట్టుకుని వచ్చి, బండ దగ్గర ఆగకుండా, గడప దాటి నేరుగా షెడ్డు లోపలికి వచ్చాడు. బండి వెనక సీటు మీద మూటను పెట్టి తాడు బిగించాడు. బిగించి, ట్యాంకు వైపు ఒకసారి చూసి, మూటను ఇంకో జానెడు వెనక్కి జరిపాడు.

"ఈ తూరి దూది దీంట్లో పడకుండా చూసుకో" అన్నాడు నాతో.

అయివారు ఒక్క తన్ను తన్నాడు. బండి లేచింది. ఇంజన్ చప్పుడు ఆళ్ళగడ్డ దారిలో వినపడకుండా పోయేదాకా నాయన లోపలే, నా పక్కనే నిలబడి ఉన్నాడు. పెట్రోలు వాసన మాట ఎత్తలేదు.